అమ్మను అడగలేదు

తప్పు చేస్తున్నప్పుడు అది తప్పని నాకు తెలియలేదు. తెలియకపోవడమే కాదు, మంచి పనే చేస్తున్నానని మురిసిపోయాను కూడా. ఆ మురిపెం గురించే ఈ నాలుగు మాటలు.

2025 సెప్టెంబర్ నెల, ఆదివారం సాయంత్రం. తాండూరులో మా ఇంటి ముందు గదిలో, ఈ ఊరి బండలే పరిచిన నేల మీద కాళ్ళు చాపుకుని అమ్మ గోకరకాయలు తుంచుతోంది. నేను బడి పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. ఇంటర్ రెండో సంవత్సరం చదివే మా అమ్మాయి ఫోన్ పట్టుకుని వచ్చి నా పక్కన చతికిలబడింది. "మమ్మీ, నేను కూడా ఒక్క ఫోటో చేసుకుంటా. మా క్లాసుల అందరూ చేసుకున్నరు" అంది.

ఆ నెల సంగతి మీకూ గుర్తుండే ఉంటుంది. మామూలు ఫోటో ఒకటి ఇచ్చి, ఎలా కావాలో నాలుగు వాక్యాలు రాస్తే చాలు. ఎర్రటిదో నల్లటిదో షిఫాన్ చీర కట్టి, చెవి వెనక పువ్వు పెట్టి, పైట గాలికి ఎగరేసి, పొద్దుగూకే ఎండలో నిలబెట్టి బొమ్మ చేతికిస్తుంది యంత్రం. 1989లో వచ్చిన 'చాందినీ' లాంటి యశ్ చోప్రా సినిమాల్లో మా తరం నోరు తెరిచి చూసిన అందం అది. ఆ ఆగస్టు 26న గూగుల్ విడుదల చేసిన కృత్రిమ మేధ పరికరానికి 'నానో బనానా' అని ముద్దుపేరు. దాంతో జనం మొదట తమను తాము ప్లాస్టిక్ ఆటబొమ్మల్లా చేయించుకున్నారు. తర్వాత చీరల వంతు వచ్చింది. మా స్టాఫ్ రూంలో ముగ్గురు టీచర్లు అప్పటికే చీరలు మార్చుకుని, బొమ్మలు ఒకరికొకరు చూపించుకుని నవ్వుకున్నారు. నేను మాత్రం నవ్వకుండా పేపర్లలో తల దూర్చాను.

ఎందుకంటే ఇలాంటివంటే నాకు మొదటినుంచీ చిన్నచూపే. 1996లో బెంగళూరులో ప్రపంచ సుందరి పోటీ జరిగినప్పుడు మహిళా సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. నేనప్పుడు డిగ్రీలో ఉన్నాను. ఆ వార్తలు కత్తిరించి దాచుకున్నాను. ఆడదాని ఒంటిని కొలతలకు కుదించి అమ్ముకునే సంత అది అని హాస్టల్ గదిలో గంటలు గంటలు వాదించేదాన్ని. ముప్పై ఏళ్ళ తర్వాత ఏ పోటీ లేకుండా, ఏ న్యాయనిర్ణేతా లేకుండా, ఆడవాళ్ళు తమంతట తామే వెళ్ళి ఒకే రకం చీర, ఒకే రకం నడుము, ఒకే రకం తెలుపు వేయించుకుంటుంటే నాకు ఒళ్ళు మండింది. అందుకే మా అమ్మాయి అడగ్గానే "వద్దు" అన్నాను.

"ఎందుకు వద్దు?"

కారణాలకు నా దగ్గర కొదవ లేదు. 2021 జూలైలో ముస్లిం స్త్రీలను కించపరిచే మాటనే పేరుగా పెట్టుకున్న ఒక యాప్‌లో పదుల కొద్దీ ముస్లిం మహిళల ఫోటోలు 'వేలానికి' పెట్టారు. 2022 జనవరి 1న 'బుల్లీ బాయి' పేరుతో మళ్ళీ అదే పని. ఆ ఫోటోల్లో ఉన్నవాళ్ళు జర్నలిస్టులు, ఉద్యమకారులు, ఒక పైలట్. తమ ఫోటోలు తాము ధైర్యంగా పెట్టుకున్నవాళ్ళు. 2023 నవంబర్‌లో రష్మిక మందన్న ముఖాన్ని ఇంకొకామె ఒంటికి అతికించిన వీడియో దేశమంతా తిరిగింది. దేశం రష్మిక ముఖం గురించి బాధపడింది. ఆ ఒళ్ళు ఎవరిదో ఆమె కూడా తనకేమీ సంబంధం లేదని, చాలా కలత చెందానని చెప్పుకోవలసి వచ్చింది. ఒకరి ముఖాన్ని, ఇంకొకరి ఒంటిని అడగకుండా తీసుకున్నారు. ఇద్దరు స్త్రీలను దోచుకుంటే ఒక్క బొమ్మ తయారైంది.

ఇవన్నీ మా అమ్మాయికి చెప్పాను. చెప్పి చివర్న, "ఫోటో ఎవరి చేతిల పడుతదో ఎవరికెరుక?" అన్నాను.

అన్న మరుక్షణం ఆ వాక్యం నాకు పరిచయమున్నదిగా తోచింది. డిగ్రీలో కాలేజీ వార్షిక సంచికకు నా కవితతో పాటు ఫోటో అడిగితే మా నాన్న అన్న మాట అక్షరాలా అదే. నా కవిత ఫోటో లేకుండా వచ్చింది. నెల రోజులు నాన్నతో మాట్లాడలేదు నేను. కానీ ఆ ఆదివారం ఆ జ్ఞాపకాన్ని పక్కకు నెట్టేశాను. నాన్నది పెత్తనం, నాది జాగ్రత్త కదా!

అమ్మాయి మొహం ముడుచుకుంది. కాసేపటికి, "అయితే అమ్మమ్మది చేద్దామా? అమ్మమ్మకు పెద్దమనిషి ఫోటోలే ఉన్నయి గదా" అంది.

ఈసారి నేను వద్దనలేదు. కారణాలూ గుర్తు రాలేదు. పైగా గుండెలో ఏదో కదిలింది. నిజమే, అమ్మకు వయసులో ఉన్నప్పటి ఫోటో ఒక్కటంటే ఒక్కటే ఉంది. పెళ్ళికి ఫోటోగ్రాఫర్ లేడు. ఓటరు కార్డు మీద, ఆధార్ కార్డు మీద ఉన్నవి ఫోటోలనిపించుకోవు, అవి సర్కారు తీసుకున్న ఆనవాళ్ళు. 1979లో, నాకు ఏడాది నిండినప్పుడు, రైల్వే స్టేషన్ దగ్గరి ఒక స్టూడియోలో తీయించుకున్నది మా ఇంట్లో గోడకుంది. నాన్న కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ పక్కన నిలబడి నన్ను ఎత్తుకుంది. అమ్మకప్పుడు ఇరవై కూడా లేవు. బండల పాలిషింగ్ పనిలో అప్పటికే చేరింది. కాన్పు కోసం మానేసి, నాకు ఏడాది నిండగానే మళ్ళీ పోయింది. బండ మీద మిషన్ తిరుగుతుంటే నీళ్ళు పోయడం, అరిగిన పొడి బురదలా పారుతుంటే ఎత్తిపోయడం, తయారైన బండలు నెత్తికెత్తుకుని లారీ దాకా మోయడం... చలికాలం వస్తే కంది కోతలు. అలా పాతికేళ్ళు. ఆ చేతుల మీదుగా నేను చదువుకున్నాను.

అలాంటి అమ్మకు ఒక్కసారైనా షిఫాన్ చీర కడితే ఎలా ఉంటుంది? ఎండలో మాడని ఒక్క సాయంత్రం ఇస్తే? అబద్ధమైనా సరే! నా సిద్ధాంతాలన్నీ ఆ ఒక్క కోరిక ముందు మెత్తబడిపోయాయి.

ఫ్రేము దించాం. అద్దం మీద ట్యూబులైటు మెరుస్తుంటే వెనక మేకులు ఊడదీసి ఫోటో బయటికి తీశాం. మా అమ్మాయి దాన్ని ఫోన్‌తో ఫోటో తీసింది. తన ఫోన్‌లో బొమ్మలు చేసే యాప్ ఒకటుంది. ఇలాంటివి ఇప్పుడు బోలెడు, ఏ పేరైతేనేం. ఎలా కావాలో నేను చెబుతుంటే అది ఇంగ్లీషులో రాసింది. మొదటిసారి యంత్రం తికమకపడింది. నాన్న కుర్చీని ఉంచి నాన్నను తీసేసింది, నా కాళ్ళకు బదులు చీర కుచ్చిళ్ళు పెట్టింది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. "ఫోటో కత్తిరించాలె మమ్మీ" అని నాన్నను ఒక పక్కనుంచి, నన్ను ఇంకో పక్కనుంచి కత్తిరించింది. మధ్యలో ఏదో పొడుగాటి షరతుల పేజీ వచ్చింది. చదవకుండానే 'సమ్మతం' అని ఉన్నచోట నొక్కింది. నేను చూస్తూనే ఉన్నాను. అరనిమిషంలో బొమ్మ వచ్చింది.

అందంగా ఉంది. నిజం ఒప్పుకోవాలి, చాలా అందంగా ఉంది! నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అమ్మ ఇంకా గోకరకాయలు తుంచుతూనే ఉంది. మేం ఆమెకు మూడడుగుల దూరంలో కూర్చుని ఇదంతా చేశాం.

ఫోన్ తీసుకెళ్ళి చూపించాం.

"ఎవలీమె?" అంది అమ్మ.

"నువ్వే అమ్మమ్మా!"

"నేనా?" అని నవ్వింది. చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ తీసుకుంది. దగ్గరికి తెచ్చుకుని, దూరం పెట్టుకుని చాలాసేపు చూసింది. "మంచిగనే ఉన్నది పిల్ల" అంది. సినిమా బొమ్మ చూసినట్టు చూసింది. వేలు తగిలి బొమ్మ పెద్దదైంది. మెడ, భుజం, పైట పట్టుకున్న చెయ్యి. ఆ చేతి దగ్గర ఆగిపోయింది.

"నా సుక్కలు యాడ వొయినయ్?"

నాకు అర్థం కాలేదు. అమ్మ తన కుడి చెయ్యి తిప్పి చూపించింది. మోచేతికి కింద అయిదు పచ్చబొట్టు చుక్కలు, వాటి కింద ఒక తేలు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను నేను వాటిని. ఎంతగా చూశానంటే, అవి కనబడటం ఎప్పుడో మానేశాయి. గోడ మీది ఫోటోలో కూడా ఉన్నాయి. నన్ను ఎత్తుకున్న ఆ చేతి మీద, మచ్చల్లాగా.

"అది మిషన్ అమ్మమ్మా, మరకలనుకుని తీసేసినట్టున్నది" అంది మా అమ్మాయి.

అమ్మ ఏమీ అనలేదు. ఫోన్ తిరిగి ఇచ్చేసి కాయల గిన్నె దగ్గరికి లాక్కుంది. తర్వాత, మాతో కాదు, కాయలతో అన్నట్టుగా అంది: "జర అడుగకపోతిరి."

ఆ రాత్రి మళ్ళీ ఆ బొమ్మ చూశాను. అందం పోలేదు. కానీ ఇప్పుడు పోయినవన్నీ ఒక్కొక్కటే కనబడసాగాయి. అమ్మది కంది గింజ పొట్టు రంగు. బొమ్మలో ఆమెది ఒలిచిన పప్పు రంగు. యంత్రం మా అమ్మకు పొట్టు తీసేసింది! చేతి వేళ్ళు సన్నబడ్డాయి, గోళ్ళు పెరిగాయి. ఆ చేతిలో నేను లేను. నేనున్న చోట పైట చెంగు ఎగురుతోంది. అమ్మకు యవ్వనం ఇవ్వాలనుకుని, ఆ యవ్వనంలో ఆమె చేసిందంతా తుడిచేశాను. పనినీ, రంగునీ, పచ్చబొట్టునీ, చివరికి ఎత్తుకున్న బిడ్డనీ.

ఆ నెలలోనే ఒక అమ్మాయి తన చీర బొమ్మలో చేతి మీద పుట్టుమచ్చ కనబడిందనీ, తాను ఇచ్చిన ఫోటోలో ఆ చెయ్యి పూర్తిగా బట్టలోనే ఉందనీ చెబితే అందరూ జడుసుకున్నారు. యంత్రానికి నా ఒంటి మీద మచ్చ ఎలా తెలుసన్నది ఆమె భయం. ఆమెకు కలిపింది, అమ్మకు తీసేసింది. రెంటిలోనూ నాకు ఒకటే కనిపిస్తోంది. ఆడదాని ఒంటి మీద ఏముండాలో, ఏముండకూడదో ఆమెకన్నా ముందు ఇంకెవరో తేల్చేస్తారు. ఇంకో విచిత్రం. ఇది యంత్రం చేసిన బొమ్మ అని తర్వాత ఎవరైనా పోల్చుకునేందుకు గూగుల్ తన బొమ్మల్లో కంటికి కనబడని ఒక గుర్తు వేస్తుంది, 'సింథ్ఐడీ' అని. అంటే చెరగని పచ్చబొట్టు విలువ ఈ వ్యాపారానికి బాగానే తెలుసు, ఆ బొట్టు తనదైనప్పుడు.

అయినా యంత్రాన్ని తిట్టి ఊరుకుంటే ఈ వ్యాసం అక్కర్లేదు. తిట్టడం తేలిక. అమ్మ అన్న మాట యంత్రం గురించి కాదు, నా గురించి. "జర అడుగకపోతిరి."

మర్నాడు పొద్దున మా అమ్మాయి ఇంకో మాట అంది. గొడవపడుతూ కాదు, జడ వేసుకుంటూ మామూలుగా. "నా ఫోటో నేను పెట్టుకుంటానంటే డేంజర్ అన్నవ్. అమ్మమ్మ ఫోటో నువ్వే ఇచ్చినవ్. అది డేంజర్ కాదా?"

నేను తడుముకున్నాను. ముసలామె ఫోటోతో ఎవరేం చేస్తారులే అని నోటి దాకా వచ్చి ఆగింది. ఎంత ఘోరమైన మాట! వయసు పిల్ల బొమ్మకు దొంగల భయం ఉంది కాబట్టి బీరువాలో పెట్టాలి, ముసలామె బొమ్మకు గిరాకీ లేదు కాబట్టి వీధిలో పెట్టొచ్చు. అంటే స్త్రీ ముఖానికి నేను కట్టిన విలువ కూడా మగవాడి కంటికి ఉండే విలువేనా? పైగా మేం ఇచ్చింది ముసలామె ఫోటో కూడా కాదు, ఇరవై నిండని పిల్ల ఫోటో.

అప్పుడు అర్థమైంది నాకు. నేను రెండు వేర్వేరు పనులు చేశాననుకున్నాను. కూతుర్ని కాపాడాను, తల్లికి కానుకిచ్చాను. నిజానికి చేసింది ఒకే పని. ఇద్దరి ముఖాలూ నావన్నట్టు ప్రవర్తించాను. ఒకటి ఇవ్వనన్నాను, ఒకటి ఇచ్చేశాను. దాచడానికైనా, పంచడానికైనా కావలసింది ఒకటే, అది నా సొత్తు అనే నమ్మకం. మా నాన్న నా ఫోటో ఇవ్వనన్నప్పుడు నాకు కోపం వచ్చింది ఫోటో అచ్చుకాలేదని కాదు, నన్ను అడగలేదని. ఆ కోపాన్ని ముప్పై ఏళ్ళు మోశాను. కానీ ఆ నమ్మకం మాత్రం నాన్న దగ్గర్నుంచి నా చేతికి ఎప్పుడు మారిందో చూసుకోలేదు.

ఇక్కడ చట్టం ఏమంటుందో చూడాలనిపించింది. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం చేసింది. దాని నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, అమలు దశలవారీగా పెట్టారు. మన వివరాలు వాడుకునే సంస్థ మన సమ్మతి తీసుకోవాలి, అది స్వేచ్ఛగా, తెలిసి, స్పష్టంగా ఇచ్చిన సమ్మతై ఉండాలి అంటుంది చట్టం. పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళయితే తల్లో తండ్రో ఇవ్వాలి. అంటే పదిహేడేళ్ళ మా అమ్మాయి సమ్మతి చట్టం దృష్టిలో నా చేతిలో ఉంది. మరి అమ్మది? ఒక వ్యక్తి సొంత అవసరానికి గానీ, ఇంటి అవసరానికి గానీ వాడుకునే వివరాలకు ఈ చట్టం వర్తించదని మొదట్లోనే, మూడో సెక్షన్‌లోనే ఉంది. సంస్థ అడగాలి, కూతురు అడగనక్కర్లేదు. ఆ సంస్థ అడిగింది కూడా, తెర మీద. సమ్మతం అని నొక్కిన వేలు మాత్రం అమ్మది కాదు.

చట్టాన్ని తప్పు పట్టలేను. ఇంటింటి ఆల్బమ్ మీదా పోలీసుల్ని పెట్టమని ఎవరడుగుతారు? కానీ 'ఇంటి అవసరం' అన్న ఆ మాట దగ్గర స్త్రీలుగా మనం ఆగక తప్పదు. చట్టం గడప దగ్గర చెప్పులు విడిచి నిలబడిపోవడం మనకు కొత్త కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా, పద్దెనిమిదేళ్ళు నిండిన భార్య మీద భర్త జరిపే బలాత్కారాన్ని అత్యాచారం అనకూడదన్న మినహాయింపును అలాగే ఉంచారు. ఆ హింసనూ నా ఫోటో సరదానూ ఒకే తక్కెడలో వేయడం లేదు. అలా వేస్తే అవమానం అవుతుంది. నేననేది ఒక్కటే. రెండు చోట్లా పునాదిలో ఉన్నది ఒకే భావన: ఇల్లు అనేది అడగనక్కర్లేని చోటు. ప్రేమ ఉన్నచోట, బంధం ఉన్నచోట సమ్మతి ఇచ్చేసినట్టే. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పినప్పుడు, ఆ తీర్పులోనే స్త్రీవాదుల విమర్శను కూడా ప్రస్తావించారు. ఇంటి గుట్టు అనే పేరుతో పురుషాధిపత్యాన్ని దాచిపెట్టకూడదని. కానీ ఆ ఆధిపత్యాన్ని ఒక్కోసారి కూతురు కూడా చెయ్యగలదు, ప్రేమతో.

ఆ సెప్టెంబర్‌లోనే ఐశ్వర్యా రాయ్, అక్కినేని నాగార్జున తమ పేరునూ రూపాన్నీ ఇతరులు వాడుకోకుండా ఆపమని ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళారు. కోర్టు రక్షణ ఇచ్చింది. మంచిదే. మా తాండూరు కందిపప్పుకు కూడా 2022 డిసెంబర్‌లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ నేలలో పండని కందులకు తాండూరు పేరు పెట్టి అమ్మకూడదు. దానికీ మేం సంతోషించాం. తార ముఖానికి ధర ఉంది, కంది గింజకు ధర ఉంది, అందుకే కాపలా ఉంది. ఆ కందులు కోసిన ఆమె ముఖానికి ధర లేదు. ధర లేని వాటిని కాపాడేది మర్యాద ఒక్కటే. ఆ మర్యాద ఇంట్లోవాళ్ళే ఇవ్వాలి.

బొమ్మ ఎవరు అడిగి చేయించుకున్నారన్న ప్రశ్న కొత్తదేమీ కాదు. 1892లో రాజా దీన్‌దయాళ్ హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచారు. పరదా పాటించే స్త్రీలకు ఫోటోలు తీయడానికి, ఒక ఆంగ్ల వనిత ఆధ్వర్యంలో. లోపలికి మగవాళ్ళు రారు. దాని గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు ఎంతో ముచ్చటేసింది. ఇప్పుడు ఆలోచిస్తే ఇంకో ప్రశ్న వస్తోంది. ఆ తలుపు దాకా వచ్చినామె తనకోసం వచ్చిందా, భర్త తీయించుకు రమ్మన్నాడని వచ్చిందా? తెరలు ఎన్ని కట్టినా, తీసేది స్త్రీయే అయినా, ఆ ఒక్క ప్రశ్నకు జవాబు మారదు. చూసే కన్ను ఎవరిదన్నది మనం చాలాకాలంగా మాట్లాడుకుంటున్నాం. అడిగిన నోరు ఉందా లేదా అన్నది అంతగా మాట్లాడుకోలేదేమో.

ఈ సంగతి స్టాఫ్ రూంలో చెబితే ఒక టీచర్ నవ్వేసింది. "ఇంట్ల గూడ సంతకాలు పెట్టించుకుంటమా మేడం? కన్నతల్లి దగ్గర గూడ పర్మిషనా? అట్లయితె అది ఇల్లెట్లయితది, ఆఫీసయితది" అంది. ఆమె అన్నదాంట్లో నిజం ఉంది. అడగకుండా దుప్పటి కప్పడం, అడగకుండా అన్నం పెట్టడం, అదే కదా ఇల్లంటే. అయితే మన ఇళ్ళల్లో అడగకుండా ఎవరు ఇస్తారో, అడగకుండా ఎవరి దగ్గర తీసుకుంటారో ఒకసారి లెక్క వేసుకుందాం. అమ్మ అడగకుండా పెడుతుంది. మనం అడగకుండా తీసుకుంటాం. ఏ కూర ఇష్టమో అమ్మను అడిగిన ఇళ్ళు ఎన్ని? మా ఇంట్లో అడగలేదు. ఆమె దగ్గర తీసుకోవడం ఎంత అలవాటైపోయిందంటే, ఇచ్చేటప్పుడు కూడా తీసుకుంటూనే ఇచ్చాను.

అడగడమంటే నమ్మకం లేకపోవడం కాదు. ఎదుట ఉన్నది ఇంకొక మనిషి, ఆమె వద్దనవచ్చు అని ఒప్పుకోవడం. అంతే.

కానీ అడగడం కూడా అంత తేలిక కాదని వారం తర్వాత తెలిసింది. అమ్మ దగ్గర కూర్చుని, "ఆ ఫోటో ఉంచమంటవా, తీసెయ్యమంటవా?" అని అడిగాను. "మీ ఇష్టం బిడ్డా" అంది. నేను హమ్మయ్య అనుకుని లేవబోయాను. మళ్ళీ కూర్చున్నాను. జీవితమంతా అమ్మ నోట విన్న మాట అదే. పెళ్ళికి మీ ఇష్టం, పనికి మీ ఇష్టం, ఆపరేషన్‌కు మీ ఇష్టం. ఎన్నడూ అడగని మనిషిని ఒక్కసారి అడిగి, వచ్చిన మొదటి జవాబు పట్టుకుని పోవడం అడగడం కాదు, సంతకం తీసుకోవడం. వద్దనే వీలు లేనప్పుడు సరే అన్నదానికి అర్థమేముంది? అందుకని కదలకుండా కూర్చున్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

తర్వాత అమ్మే మొదలుపెట్టింది. పదేళ్ళప్పుడు ఊళ్ళోకి పచ్చబొట్లు పొడిచే ఎరుకల అవ్వ వచ్చిందట. అమ్మ, అమ్మ చెల్లెలు దోసెడు దోసెడు జొన్నలు తీసుకుని ఇంట్లో చెప్పకుండా పరుగెత్తారట. అయిదు చుక్కలు ఇద్దరికీ ఒకే తీరుగా. తేలు మాత్రం అమ్మకే, చెల్లెలు సూదులకు ఏడ్చి మధ్యలో లేచిపోయింది. చెల్లెలు మొదటి కాన్పులో పోయింది. ఆమెకు ఒక్క ఫోటో కూడా లేదు. "సచ్చినంక ఎంట వచ్చేది పచ్చబొట్టు ఒక్కటేనంటరు. సొమ్ము రాదు, శీర రాదు. గా సుక్కలు జూసే అది నన్ను గుర్తుపట్టాలె" అంది అమ్మ.

నలభై ఏడేళ్ళు వచ్చాయి నాకు. ఆ చుక్కలు ఎవరివో ఎప్పుడూ అడగలేదు. యంత్రం తీసేసేదాకా అవి ఉన్నాయనే గుర్తు లేదు. ఆ మాటకొస్తే యంత్రం కన్నా ముందు నేనే వాటిని చెరిపేశాను.

"మరి ఆ ఫోటో తీసేద్దామా?" మళ్ళీ అడిగాను.

అమ్మ ఆలోచించింది. "ఎందుకు తీసుడు? పిల్ల మంచిగున్నది. ఉండనియ్. గని కింద రాయి, ఇది నేను గాదని."

ఆ తీర్పు నాకు ఊహకందలేదు. బొమ్మ అబద్ధం కాబట్టి అమ్మ నొచ్చుకుంటుందనుకున్నాను. అందం మీద ఆమెకు కోపం లేదు. ఎగిరే పైట మీద లేదు. 1996లో హాస్టల్ గదిలో నేను వేసుకున్న లెక్కలో ఇది లేదు. ఒక స్త్రీ ఆ అందాన్ని చూసి సంతోషించవచ్చు, దాని పేరు తనది కాదని కూడా చెప్పవచ్చు. తనకేం కావాలో చెప్పే అవకాశం దొరికితే చాలు, రెండూ కలిపి చెప్పగలదు. మా అమ్మాయి ఆ బొమ్మ కింద తెలుగులో రాసింది: 'ఈమె మా అమ్మమ్మ కాదు.' అమ్మకు చదవడం రాదు. చదివి వినిపించాం. తలూపింది.

అయితే యాప్‌కు వెళ్ళిన ఫోటో వెళ్ళిపోయింది. మా ఫోన్‌లో తుడిచినా అది ఎక్కడెక్కడ ఉంటుందో మా చేతుల్లో లేదు. కొన్ని తప్పులకు క్షమాపణ ఉంటుంది గానీ తిరుగు దారి ఉండదు.

మా అమ్మాయితో కూడా మాట్లాడాను. ప్రమాదాలు ప్రమాదాలే, అవి అబద్ధం కాదు. కానీ ప్రమాదం చెప్పడం వేరు, తీర్పు చెప్పడం వేరు. ఇద్దరం కూర్చుని ఆ షరతుల పేజీ మొత్తం చదివాం, గంట పట్టింది. ఆ తర్వాత, "ముఖం నీది. ఆలోచించి నువ్వే చెప్పు" అన్నాను. చట్టం ఇంకో ఏడాది దాకా ఆ అధికారం నాకే ఇచ్చింది. ఆ ఏడాదిని అడగడం నేర్చుకోవడానికి వాడుకుందామనుకుంటున్నాను. అది బొమ్మ చేసుకుందో లేదో నాకింకా చెప్పలేదు. తెలుసుకోవాలని ఉంది. ఫోన్ పక్కన పెట్టి స్నానానికి పోయినప్పుడల్లా చెయ్యి అటే పోతోంది. వెనక్కి తీసుకుంటున్నాను.

ఇది రాసేముందు అమ్మను అడిగాను, నీ సంగతి పత్రికలో రాయనా అని. "మీ ఇష్టం" అంది. కూర్చున్నాను. రాసినంత చదివి వినిపించాను. అంతా విని ఒక్క మాట అంది: చెల్లె పేరు రాయొద్దు అని.

రాయలేదు.